6.4 ఈ-మెయిల్ చిరునామాను స్పామ్ నుంచి కాపాడుకోవడం

గ్రహీత కోరకుండానే ఒకే సందేశాన్ని పెద్ద సంఖ్యలో చిరునామాలకు పంపడాన్ని స్పామ్ అంటారు. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి పంపిన ప్రకటనను ఇందులో మొదటిదిగా పేర్కొంటారు. అప్పుడు చిరునామాలను అచ్చు జాబితా చూసి టైపు చేశారు. నేడు ఆ పనిని ప్రోగ్రాములు చేస్తున్నాయి.

6.4.1 చిరునామా ఎలా బయటపడుతుంది?

ఇందుకు ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి.

(అ) సేకరణ: ప్రోగ్రాములు వెబ్ పేజీలను వరసగా చదువుతూ 'యాట్' గుర్తుకు అటూ ఇటూ ఉన్న అక్షరాలను ఏరుకుంటాయి.
(ఆ) ఊహ: రవి, రవి1, రవి1990 వంటి పేర్లన్నింటికీ సందేశాలు పంపి, తిరిగిరాని వాటిని పనిచేసే చిరునామాలుగా గుర్తిస్తారు.
(ఇ) లీకు: మనం నమోదు చేసుకున్న సంస్థ నుంచి వివరాలు దొంగిలింపుకు గురికావచ్చు, అమ్ముడుపోవచ్చు.

మొదటి రెండింటిని మన జాగ్రత్తతో చాలావరకు తగ్గించవచ్చు. మూడోది మన చేతిలో లేదు. నష్టాన్ని పరిమితం చేసుకోవడమే మార్గం.

6.4.2 పాటించవలసిన జాగ్రత్తలు

1. బ్యాంకు, ప్రవేశాలు, పరీక్షలకు ఒక చిరునామా, కొనుగోళ్లు, ఉచిత సేవలకు మరొకటి ఉంచుకోవాలి.
2. జీమెయిల్‌లో మీ పేరు తరువాత ప్లస్ గుర్తు, ఒక పదం చేర్చి ఇచ్చినా ఉత్తరం మీకే చేరుతుంది. ఒక్కో సంస్థకు ఒక్కో పదం చేరిస్తే, చిరునామా ఎవరి వద్ద నుంచి బయటపడిందో తెలుస్తుంది. అయితే కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తును అంగీకరించవు.
3. ఒకరికొకరు తెలియని పలువురికి ఒకే ఉత్తరం పంపేటప్పుడు చిరునామాలను బి.సి.సి. గడిలో రాయాలి. ఇతరుల చిరునామాలను కాపాడటం కూడా మన బాధ్యతే.
4. అపరిచిత ఉత్తరానికి జవాబివ్వరాదు, అందులోని లింకులు నొక్కరాదు. బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా సెట్టింగులలో మార్చుకోవాలి. బొమ్మ తెరుచుకోవడంతోనే ఉత్తరం చదివినట్లు పంపినవారికి తెలియవచ్చు.

6.4.3 వడపోత పరిమితి

వడపోత రెండు విధాలుగా పొరబడవచ్చు: స్పామ్‌ను వదిలేయవచ్చు, అవసరమైన ఉత్తరాన్ని ఆపేయవచ్చు. రెండోదే ఎక్కువ ప్రమాదం. దూరవిద్య విద్యార్థికి హాల్ టికెట్ సమాచారం స్పామ్ ఫోల్డరులో పడితే ఒక సంవత్సరమే పోవచ్చు. జీమెయిల్ ఆ ఫోల్డరులోని ఉత్తరాలను 30 రోజుల తరువాత తొలగిస్తుంది. కాబట్టి వారానికోసారి దాన్ని పరిశీలించి, అవసరమైన ఉత్తరాన్ని 'స్పామ్ కాదు' అని గుర్తించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

చిరునామాను ఎక్కడా ప్రకటించని వ్యక్తికి కూడా స్పామ్ ఎందుకు రావచ్చు? రెండు కారణాలు రాయండి.