యాంజియోప్లాస్టీ: తలెత్తగల చిక్కులు - తీసుకోవలసిన జాగ్రత్తలు

గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమనులలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైనప్పుడు, సన్నని గొట్టం ద్వారా బెలూన్‌ను పంపి ఆ దారిని విప్పార్చే చికిత్సయే యాంజియోప్లాస్టీ. 1977 సెప్టెంబర్ 16న స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఈ చికిత్సను మొట్టమొదట నిర్వహించారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంతో ఇది పేద కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చింది. ఛాతీని కోయనవసరం లేకపోయినా, ఈ చికిత్సలోనూ కొన్ని చిక్కులు లేకపోలేదు.

చికిత్స సమయంలో: గొట్టాన్ని పంపిన చోట రక్తస్రావం, వాపు ఎక్కువగా కనిపించే సమస్యలు. తొడ మొదలు నుండి కాక మణికట్టు నుండి పంపినప్పుడు ఇవి తగ్గుతాయి. ధమని పొర చీలడం, రంధ్రం పడడం, గుండెపోటు, పక్షవాతం అరుదు. ఎక్స్‌రేలో ధమనులు కనిపించేందుకు ఎక్కించే మందు కొందరిలో మూత్రపిండాలకు హాని చేయవచ్చును. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి గలవారు ఈ విషయాన్ని ముందుగానే వైద్యులకు తెలియజేయాలి.

చికిత్స అనంతరం: కేవలం బెలూన్‌తో తెరిచిన ధమని నూటికి 30 నుండి 40 మందిలో కొద్ది నెలలకే తిరిగి ఇరుకయ్యేది. 1986లో వాడుకలోకి వచ్చిన స్టెంట్లు, అటుపై వచ్చిన మందుపూత స్టెంట్లు ఈ సమస్యను బాగా తగ్గించాయి.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం. ఇది అరుదే అయినా, సంభవిస్తే తీవ్రమైన గుండెపోటుకు, మరణానికి దారితీయగలదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను మధ్యలో మానివేయడం దీనికి ఒక ముఖ్య కారణం. రెండు మాత్రలనూ సాధారణంగా 6 నుండి 12 నెలలు వాడవలసి ఉంటుంది. తరువాత కూడా ఒక మాత్ర కొనసాగుతుంది. నొప్పి తగ్గిందనో, పన్ను తీయించుకోవాలనో, కొనుగోలుకు డబ్బు లేదనో గుండె వైద్యుని సంప్రదించకుండా వీటిని ఆపరాదు.

కేంద్రం 2017 ఫిబ్రవరిలో స్టెంట్ల గరిష్ఠ ధరలను నిర్ణయించింది. అయితే స్టెంట్ అమరికతో చికిత్స ముగిసినట్లు కాదు. ఇంటికి చేరిన రోగికి మాత్రలు నెలనెలా అందుతున్నదీ లేనిదీ క్షేత్రస్థాయి సిబ్బంది విచారించాలి. పాత్రికేయులు సైతం శస్త్రచికిత్సల సంఖ్యతోపాటు ఈ అంశాన్ని ప్రజల దృష్టికి తీసుకురావాలి. స్టెంట్ అమర్చినవారికి ఛాతీనొప్పి, ఆయాసం, చెమటలు కనిపిస్తే ఏమాత్రం జాప్యం చేయక 108కు ఫోన్ చేయాలి.