రెండేళ్ళ బిడ్డకు ఎంత నిద్ర కావాలి?

నా వద్దకు వచ్చే కుటుంబాలలో అధికభాగం ఫిలింనగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాలవే. 1970 దశకం నుంచి సినీ పరిశ్రమ క్రమంగా మద్రాసు విడిచి హైదరాబాదుకు తరలిరాగా, కాల్షీట్లను బట్టి నడిచే సంసారాలు ఈ గుట్టల మీద వెలసినవి. ఈ ఇళ్ళలో పగలు, రాత్రి అనే భేదం పెద్దలకు లేకపోవచ్చును. పసివారికి మాత్రం ఉండి తీరవలెను.

ఆ మధ్య ఒక ఇల్లాలు రెండేళ్ళ కుమారుని తీసుకొని వచ్చారు. భర్త షూటింగులలో లైట్ల పని చూస్తారు. "అన్నం తినడు, అయినదానికీ కానిదానికీ ఏడుపు, రాత్రి పన్నెండైనా గంతులే. జాజికాయ అరగదీసి ఎంత నాకించమంటారు డాక్టరుగారూ?" అని అడిగారు.

నేను మందు మాట పక్కన పెట్టి గడియారం లెక్క అడిగాను. తండ్రి ఇల్లు చేరేసరికి రాత్రి 11 గంటలు. ఆయన ముఖం చూసేదాకా పిల్లవానిని నిద్రపుచ్చరు. 12 గంటలకు పడుకొని, అక్క బడికి బయలుదేరే సందడికి 7 గంటలకే లేస్తున్నాడు. పగలు ఒక గంట కునుకు. మొత్తం 8 గంటలు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం, 1–2 సంవత్సరాల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, 3–4 సంవత్సరాల వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర అవసరం. అనగా ఈ బాలుడు వారానికి కనీసం 21 గంటల నిద్ర పోగొట్టుకొంటున్నాడు. నిద్ర చాలని పెద్దవాడు తూలుతాడు. పసివాడు గంతులు వేస్తాడు. అందుకే తల్లిదండ్రులు పొరబడతారు.

శరీర పుష్టి, కృశత్వము, బలము, దౌర్బల్యము నిద్రను ఆశ్రయించి ఉంటాయని చరక సంహిత చెబుతున్నది. పెరుగుదలకు తోడ్పడే హార్మోను గాఢనిద్రలో అధికంగా స్రవిస్తుందని ఆధునిక వైద్యం చెబుతున్నది. పగటి నిద్ర కఫం చేస్తుందని బామ్మలు అడ్డుపడుతుంటారు గాని, గ్రీష్మంలో తప్ప పగటి నిద్ర వద్దన్న శాస్త్రమే బాలురకు మినహాయింపు ఇచ్చినది.

ఇక జాజికాయ. ఆయుర్వేద వైద్యుడనై ఉండి నేనే వద్దంటున్నాను. మోతాదు మించితే వాంతులు, గుండెదడ, మతిభ్రమ కలుగుతాయి. సాన మీద తీసిన గంధానికి కొలత ఎవరు చూస్తారు? పూర్వం కొన్ని ఇళ్ళలో నల్లమందు నాకించేవారు. అది శ్వాసను మందగింపజేసి ప్రాణం తీయగలదు. నిద్ర కోసం జలుబు సిరప్పు పోయడం కూడ ఆ కోవలోనిదే.

నేను చెప్పినది ఇంతే: రెండు మూడు రోజులకొకసారి పడుకొనే వేళను 15 నిమిషాలు ముందుకు జరపండి. సాయంత్రం గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దన చేసి వేడినీళ్ళ స్నానం, 7:30 లోపు భోజనం. తరువాత టీవీ, ఫోను కట్టివేసి, దీపం తగ్గించి, రోజూ అదే జోలపాట.

తండ్రి ఒప్పుకోలేదు. "నన్ను మరచిపోడా అండీ?" అన్నారు. తెల్లవారుజామున కాల్షీటు లేని రోజులలో స్నానం, ఇడ్లీ తినిపించడం ఆయన వంతు చేయమన్నాను. రెండు నెలలకు బాలుడు 8:30కు నిద్రపోయి 7 గంటలకు లేస్తున్నాడు; మధ్యాహ్నం గంటన్నర. అన్నం అడిగి తింటున్నాడు. తెల్లవారకముందే వెళ్ళవలసిన రోజులలో మాత్రం తండ్రికి నిద్రించే బిడ్డే కనిపిస్తాడు. ఆ బాధకు నా వద్ద మందు లేదు.

వేళకు పడుకొన్నా బిడ్డ గురక పెడుతున్నా, నోటితో శ్వాస తీస్తున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్లు కనిపించినా ఇంటి వైద్యం కూడదు. వెంటనే పిల్లల వైద్యునికి చూపించవలెను.