సింహాచల యాత్ర – సముద్రతీరపు ఎండ



వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయ తృతీయ నాడు, సింహాచల వరాహ లక్ష్మీనృసింహస్వామివారి నిజరూప దర్శనం సంవత్సరానికి ఒక్కమారు లభిస్తుంది. ఆ చందనోత్సవానికి మన ఉప్పుగూడ నుండి బయలుదేరేవారు "విశాఖలో ఎండ మనకంటే తక్కువే కదా" అంటుంటారు. నేనూ ఒకప్పుడు అట్లే తలచాను. పైగా, దర్శనమయ్యేవరకు నీరైనా ముట్టరాదని నా సహధర్మచారిణిని నియమించాను. వరుసలో నిలిచిన మూడవ గంటకు ఆమె సొమ్మసిల్లి పడిపోయింది. అపరాధం నాది.

హైదరాబాదు, విశాఖపట్నం రెండూ 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల నడుమనే ఉన్నాయి. సూర్యభగవానుడు రెంటికీ సమానుడే, భేదమంతా భూమిది. మనది సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న దక్కను పీఠభూమి. ఇక్కడి వేసవి గాలి పొడిగాలి. విశాఖ బంగాళాఖాతపు ఒడ్డు. మే మాసంలో ఇక్కడ పగటి వేడి 40 డిగ్రీలను తాకుతున్నప్పుడు, అక్కడ సముద్రపు గాలి వలన సాధారణంగా 34, 35 డిగ్రీల వద్దనే ఉంటుంది. కాని ఆ గాలి తేమను కూడా మోసుకొని వస్తుంది.

మన ఇంటి మట్టి రంజనులో నీరు చల్లబడేది ఎట్లు? సూక్ష్మరంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ వేడిని హరిస్తుంది. దేహానికి చెమట చేసే ఉపకారమూ ఇదే. గాలిలో ముందే తేమ నిండి ఉంటే చెమట కారుతుందే గాని ఆరదు. దేహంలోని నీరు, లవణం తరిగిపోతాయి. తాపం మాత్రం తగ్గదు. రాత్రివేళ సైతం ఆ ఉక్క విడువదు.

అయితే ఆ తేమను నిందించరాదు. సింహాచలం తూర్పు కనుమలకు చెందిన కొండ. వర్షఋతువులో సముద్రపు తేమగాలి ఈ కొండలకు తగిలి పైకెగసి, చల్లబడి, మేఘమై వర్షిస్తుంది. ఆ నీరు రాతి పగుళ్లలో ఇంకి ఊటలై వెలువడుతుంది. కొండపై గంగధార అట్టిదే. భక్తుని క్లేశపెట్టే తేమయే స్వామి సన్నిధిలో తీర్థమవుతున్నది.

కావున యాత్రికులకు నా మనవి. నీరు, పండ్లు, పాలు, ఔషధం వ్రతభంగకరాలు కావని ధర్మశాస్త్రమే చెబుతున్నది. దాహం వేసేవరకు ఆగక, ఉప్పు కలిపిన మజ్జిగ కొద్దికొద్దిగా సేవించండి. పలుచని నూలువస్త్రాలు ధరించండి. కన్ను తిరిగినట్లయితే వరుస విడిచి నీడకు చేరండి. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి విసరమనండి. తెలివి తప్పితే వైద్యుని పిలిపించండి. ఆషాఢ పూర్ణిమకు జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు ఎండతోపాటు వానకూ సిద్ధపడండి. ఆశ్వయుజ, కార్తిక మాసాలలో వెళ్లేవారు తుపాను సూచనలు తెలుసుకొని బయలుదేరండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్దనే తీరం దాటింది.

దాతలకు ఒక్కమాట. అక్షయ తృతీయ నాడు ఉదకుంభదానం విహితం. వరుసలో నిలిచిన వృద్ధునికి అందించిన చెంబెడు నీరు ఆ దానమే.

స్వస్తి.