పద్నాలుగా? ఇరవైనాలుగా?

ఇరవై ఏళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒకే జవాబుకు నేను పద్నాలుగు మార్కులు వేస్తే, మరో లెక్చరరు ఇరవైనాలుగు వెయ్యడం నాకు కొత్త కాదు. అది చూసి నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. కాని, పోయిన ఏడాది మా అక్కయ్య రొమ్ములోంచి తీసిన గడ్డకు రెండు లేబొరేటరీలు ఇలాగే మార్కులు వేసినప్పుడు నవ్వు రాలేదు.

కీ-67 అనే పరీక్షలో ఒకరు 14 శాతమన్నారు, మరొకరు 24 అన్నారు. ఆ అంకె ఎక్కువైతే కీమోథెరపీ తప్పదని ఎవరో చెప్పారట. "ఏది నమ్మమంటావురా తమ్ముడూ?" అని అడిగింది అక్కయ్య.

తెలుగు ఎం. ఏ. చదివిన వాణ్ణి, నేనేం చెప్పగలను? గాజుపలకలు భద్రంగా పొట్లం కట్టుకుని, ఇంటర్లో నా దగ్గర తెలుగు చదువుకున్న ఒక పెథాలజిస్టు దగ్గరకు వెళ్లాను.

"ఈ పేరేమిటమ్మా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"కీ అంటే జర్మనీలోని కీల్ నగరం మాస్టారూ. ఈ పరీక్షకు మూలమైన పదార్థాన్ని 1983లో అక్కడ కనుగొన్నారు. 67 అన్నది అది దొరికిన పళ్లెంలోని గుంట నంబరు."

గడ్డ ముక్కను ఫార్మలిన్‌లో ఊరబెట్టి, మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో 250వ వంతు పల్చగా కోసి, పలక మీద రంగు పట్టిస్తారట. విభజన చెందుతున్న కణాల కేంద్రకాలు గోధుమ రంగు తేలుతాయి, తక్కినవి నీలంగా ఉంటాయి. నూరు కేన్సరు కణాల్లో గోధుమరంగువి ఎన్నో అదే ఆ శాతం. మైక్రోస్కోపులో కంటితో వెయ్యి కణాలు లెక్కపెట్టడం మాటలా?

ఆవిడ పలకను స్కానరులో పెట్టింది. మిల్లీమీటరులో 4000వ వంతుకు ఒక చుక్క చొప్పున, వందల కోట్ల చుక్కల బొమ్మ తయారైంది. కంప్యూటరు గోధుమ, నీలం రంగులను విడదీసి, ఒక్కొక్క కేంద్రకానికీ గీత గీసి లెక్కపెట్టింది. మధ్యలో దూరిన తెల్లరక్తకణాలను కూడా కేన్సరు కింద జమ కట్టబోతే, ఆవిడే వాటిని తీసివేయించింది.

ఒక మూల చూపిస్తే 24 వచ్చింది. మరో మూల చూపిస్తే 14! నేను తెల్లబోయాను.

"ఇద్దరి లెక్కా సరైనదే మాస్టారూ, వాళ్లు చూసిన చోట్లే వేరు. మొత్తం గడ్డకు 19. అయినా, అక్కయ్యగారిలాగా హార్మోను గుణమున్న తొలిదశ గడ్డల్లో 5కు మించకపోతేనో, 30కి తగ్గకపోతేనో ఈ అంకెను గట్టిగా నమ్మవచ్చునని అంతర్జాతీయ నిపుణులు 2021లో ప్రకటించారు. మధ్యలో ఉంటే దీన్నొక్కదాన్నే పట్టుకుని కీమో సంగతి తేల్చకూడదు."

డాక్టర్లు కూర్చుని గడ్డ సైజూ, అక్కయ్య వయస్సూ, మిగతా పరీక్షలూ అన్నీ చూశారు. చంక గ్రంథులకు పాకలేదు. కీమో అక్కరలేదనీ, హార్మోను మాత్రలు చాలుననీ తేల్చారు.

"మీ పేపర్లు కూడా ఆ మిషను చేత దిద్దించరాదుట్రా?" అంటుంది అక్కయ్య, మాత్ర వేసుకుంటూ.

మిషను సంగతేమో గాని, అప్పటినుంచి నేను ఆఖరి పేజీ దాకా చదివి గాని మార్కులు వెయ్యడం లేదు.