వర్జీనియా శునకములు

పూర్వము ఇంగ్లండులో ఎద్దును రాటకు కట్టి, దానిపైకి కుక్కలను ఉసికొల్పి వినోదించెడివారు. 1835లో పార్లమెంటు ఆ క్రీడను నిషేధించెను. పందెగాండ్రు ఊరకుండిరా! బరులు కట్టి, కోళ్లను పోరాడించినట్లు కుక్కతో కుక్కను పోరాడించిరి. బుల్‌డాగ్ బలమును, టెర్రియర్ చురుకుదనమును కలియునట్లు ఆ పనికై పెంచిన సంతతినుండి వచ్చినదే పిట్‌బుల్.

అమెరికాలో కుక్కల పందెము నేరము. అయినను అది చాటుగా సాగుచుండెడిది. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా రాష్ట్రమున, మైకేల్ విక్ అను ప్రఖ్యాత ఫుట్‌బాల్ క్రీడాకారునికి చెందిన స్థలమును అధికారులు సోదా చేయగా, ఏబదికి పైగా పిట్‌బుల్ కుక్కలు దొరకెను. ఆ డిసెంబరులో విక్‌కు 23 నెలల కారాగారశిక్ష పడెను.

మరి కుక్కల మాట? పందెపు కుక్కలను చంపివేయుటయే అంతవరకు వాడుక. జంతుసంక్షేమ సంఘములలోనే కొన్ని అట్లు చేయుమని సలహా యిచ్చెను. వారి భయము వట్టిది కాదు. ఆ కుక్క బలము సామాన్యము కాదు. న్యాయస్థానము మాత్రము తొందరపడక, ఒక్కొక్క కుక్కను వేరుగా పరీక్షింపజేసెను.

నిపుణులు 49 కుక్కలను పరీక్షించిరి. తినుచుండగా కృత్రిమ హస్తముతో గిన్నెను కదల్చిరి. శిశువంత బొమ్మను ఎదుట నుంచిరి. వేరొక కుక్కను చూపిరి. క్రూరమృగములు ఎదురగునని తలచినవారికి, భయముతో నేలకంటుకొనిపోయి కదలుటకును వెరచు ప్రాణులు పెక్కు కనిపించెను. క్రౌర్యమును బట్టి చంపవలసి వచ్చినది ఒక్కదానినే.

విక్ నుండి రాబట్టిన తొమ్మిది లక్షల డాలర్లకు పైబడిన సొమ్ము వాని పోషణకు కేటాయింపబడెను. 22 కుక్కలు యూటా రాష్ట్రమున కనాబ్ చెంతనున్న బెస్ట్ ఫ్రెండ్స్ అను శరణాలయమునకు, తక్కినవి ఇతర సంస్థలకు చేరెను. కారు ఇరుసులకు గొలుసులతో కట్టబడి పెరిగినవానికి ఇల్లనగా నేమో తెలియదు. మెట్లెక్కుట, తలుపు చప్పుడుకు బెదరకుండుట కూడ నేర్పవలసినవే. అపరిచితుడు తాకినను నిమ్మళముగా నుండుట, గుంపులో పట్టీ లాగక నడచుట, పిలిచినంతనే వచ్చుట మున్నగునవి పరీక్షించి, నెగ్గినవానినే దత్తత కిచ్చిరి. లూకస్, మెరిల్ అను రెండు మాత్రము జీవితాంతము శరణాలయము వీడరాదని ఆజ్ఞ. లూకస్ పందెములలో ఆరితేరినది. మనుష్యులయెడ ఎంతయో మాలిమి. కుక్కపై పగ వేరు, మనుష్యునిపై పగ వేరు.

ఇట్టి కుక్కను తెచ్చుకొనువారికి ఓర్పే మొదటి పెట్టుబడి. వచ్చిన దినముననే బంధుమిత్రులకు చూపరాదు. దానికొక మూలయు, వేళకు తిండియు ఏర్పరుపవలెను. తినుచుండగా పిల్లలను దరిచేరనీయరాదు. పెద్దలు లేనపుడు వారిని దానితో విడువరాదు. ఇంట ముందే కుక్కయున్నచో, రెంటిని వెలుపల, పట్టీలతో, దూరదూరముగా నడిపించి పరిచయము చేయవలెను. ఈ జాగ్రత్తలు ఏ జాతి కుక్కకైనను చెల్లును. బలమైనదానియెడ ఏమరుపాటు మరింత కూడదు.

వర్జీనియా కుక్కలలో లియో అనునది క్యాన్సరు రోగులను పలుకరింపబోయెడిది. జానీ అనుదానికి గ్రంథాలయమున పిల్లలు కథలు చదివి వినిపించెడివారు. తప్పు చదివినను నవ్వని శ్రోత కదా! అన్నిటికంటె కడపట బ్రతికియున్న ఫ్రోడో, కాలిఫోర్నియాలో తన్ను పెంచుకొనిన కుటుంబము నడుమ 2021లో కన్ను మూసెను.