డొంక దారుల మీద ఆదివారపు సైకిళ్ళు

మన దేశములో సైకిలు అంటే పని. పాల క్యాన్లు, గడ్డి మోపు, గ్యాసు సిలిండరు, బడికి వెళ్ళే పిల్ల, అన్నీ దాని మీదనే. పాత తరము పాస్టరుగార్లు బైబిలు సంచి హ్యాండిలుకు తగిలించుకొని ఊరూరా కూటములు జరిపినది కూడ సైకిలు మీద తిరిగే. చేతిలో నాలుగు డబ్బులు ఆడి మోటారు సైకిలు కొనుక్కొన్ననాడు ఆ పాతదాన్ని గోడకు చేరవేసి మరచిపోతాము. అటువంటి మనకు, ఇంటి ముందు కారు ఉండి కూడ సెలవు దినాన పెందలకడ లేచి, వానలో, ఎదురుగాలిలో యాభై మైళ్ళు సైకిలు తొక్కి, సాయంత్రానికి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే మనుషులను గూర్చి చెబితే వింతగానే ఉంటుంది. పనేమీ లేదు, బేరమేమీ లేదు. బ్రిటను దేశములో ఈ అలవాటుకు నూట నలభై ఏండ్లు దాటాయి.

మన ఊళ్ళలో తిరిగిన హెర్క్యులెస్, బి.ఎస్.ఎ., ర్యాలీ అనే పేర్లు అక్కడివే. మొదటి రెండు బర్మింగ్‌హాములో, మూడవది నాటింగ్‌హాములో పుట్టాయి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ వారు ఇంగ్లాండు కంపెనీతో కలిసి హెర్క్యులెస్ సైకిళ్ళ తయారీకి పూనుకొన్నారు. అలా బండి వచ్చింది గాని, వారి సెలవుదినపు సవారీ మాత్రము దానితో రాలేదు. ఈ మధ్యనే హైదరాబాదు, విశాఖపట్నములలో ఆదివారము తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకొని గుంపులుగా తొక్కేవారు కనబడుతున్నారు.

అక్కడి పల్లె దారిని ఊహించుకోవాలంటే మన కోస్తా పల్లెలలోని డొంకను తలచుకొంటే చాలు. రెండు పక్కల ముళ్ళ పొదల కంచె, మధ్యలో ఒక్క కారు పట్టేంత దారి. కొన్ని చోట్ల వందల ఏండ్లు బండ్లు నడిచి నడిచి దారి పొలాలకంటె కిందికి దిగిపోయి ఉంటుంది. మన డొంకకు, దానికి తేడా ఒక్కటే, దానికి తారు వేశారు. అందుచేత చక్రము హాయిగా సాగుతుంది. రెండు మూడు మైళ్ళకు ఒక పల్లె వస్తుంది. చెట్ల మీదుగా గుడి గోపురము ముందు కనబడుతుంది, ఊరు తరువాత కనబడుతుంది. ప్రభుత్వ సర్వే సంస్థ ముద్రించే పటములలో నిటారు ఎక్కుడు ఉన్నచోట దారి మీద బాణపు గుర్తు వేస్తారు. రెండు బాణాలు ఉన్నాయంటే అయిదు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరుకంటె ఎక్కువే పైకి ఎక్కాలన్నమాట. అటువంటి చోట దిగి నెట్టుకొంటూ పోవడానికి వారిలో పెద్దలు ఏమీ సిగ్గుపడరు. గుర్రాలు నడిచే మట్టి బాటల మీద కూడ సైకిలు తొక్కే హక్కును 1968 నాటి చట్టము ఇచ్చింది. అయితే నడిచేవారికి, గుర్రము మీద వచ్చేవారికి సైకిలు వారే దారి ఇవ్వాలి.

గుంపుగా వెళ్ళే సవారీకి ఒక పద్ధతి ఉన్నది. దారి తెలిసినవాడు ముందు, అలసినవారిని కనిపెట్టి వచ్చేవాడు వెనుక. మలుపు దగ్గర అందరూ చేరేదాకా ఆగుతారు. గుంత వస్తే ముందున్నవారు చేయి చూపుతారు, వెనుకనుండి కారు వస్తే చివర ఉన్నవారు కేక వేస్తారు. మాకు ముచ్చటగా తోచినది మరొకటి. వానాకాలమని వేరే లేని దేశము గనుక, వెనుక చక్రపు మడ్‌గార్డుకు కింద ఒక రబ్బరు ముక్క వేలాడదీయాలని అనేక క్లబ్బులవారు కోరుతారు. దానివలన తొక్కేవానికి ఒరిగేదేమీ లేదు. వెనుక వచ్చేవాని ముఖాన బురద పడకుండ ఉండడానికే అది! పదకొండింటికి ఒక టీ, మధ్యాహ్నము భోజనము, మూడు నాలుగింటికి మళ్ళీ టీ, దానితో ఒక కేకు ముక్క. ఈ మూడు చోట్లు చూసుకొనే ఆనాటి దారిని నిర్ణయిస్తారు. నవ్వవలసిన పని లేదు. చెమటతో, తడి బట్టలతో, బురద బూట్లతో వచ్చిన పదిహేనుమందికి ఎవరో ఒకరు తలుపు తీయాలి గదా. ఈ సవారీల చరిత్ర అంతా ఒక విధంగా ఆ తలుపుల చరిత్రే.

మొదటినుండి చెబుతాము. 1878లో హారోగేట్ పట్టణములో సైకిలు యాత్రికుల క్లబ్బు ఒకటి ఏర్పడింది. 2016 నుండి సైక్లింగ్ యు.కె. అనే పేరుతో పనిచేస్తున్నది అదే. అప్పటికి ముందు చక్రము మనిషి ఎత్తున ఉండే సైకిళ్ళే. కింద పడితే తలకే దెబ్బ. 1885లో కోవెంట్రీలో స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలు సమానముగా ఉన్న రోవర్ సైకిలు చేశాడు. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల వైద్యుడు గాలి టైరుకు పేటెంటు పొందాడు. ఈ రెండూ కలిసేసరికి గుమాస్తాలు, దుకాణపు పనివారు, బడిపంతులమ్మలు, అందరూ తొక్కగలిగిన బండి తయారైంది.

వారిలో చాలమందికి తీరిక దొరికేది శనివారము సగము పూట, ఆదివారము ఒక రోజు. సహజంగానే ఆదివారము లండను నుండి వందలకొలది సైకిళ్ళు పల్లెలకు బయలుదేరాయి. పల్పిటుల మీదనుండి మందలింపులు కూడ అప్పుడే బయలుదేరాయి. ఆ సేవకుల బాధ మాకు అర్థము కానిది కాదు. వేసవి సెలవులలో ఖాళీ బల్లలను చూచి మేమును నిట్టూర్చినవారమే. అయితే లండనుకు ఇరవై పైచిలుకు మైళ్ళలో ఉన్న రిప్లే అనే పల్లెలో మరొక విధముగా జరిగింది. ఆ దారిలో చివరి పది మైళ్ళు సైకిలు వారికి యాత్రాస్థలము వంటిది. పల్లెలో యాంకర్ అనే పాత సత్రము ఉన్నది. దానిని నడిపినది డిబుల్ అనే కుటుంబము. అనీ, హారియెట్ అనే అక్కచెల్లెళ్ళు దుమ్ము కొట్టుకొని వచ్చిన ప్రతివానికి పేరు పెట్టి పలుకరించి భోజనము పెట్టేవారు. సారాయి దొరికే చోటే గదా అని పాఠకులు అడగవచ్చు. అవును, దొరికే చోటే. కాని ఆ పిల్లగాండ్రకు అక్కడ దొరికినది వేడి టీ, వేడి అన్నము, అక్క మాట. ఊరి గుడివారు కూడ వారిని తిట్టి తరమలేదు, వారి కొరకే ప్రత్యేక ఆరాధనలు జరిపారు. మందలింపుకంటె అది మేలైన పరిచర్య అని మా అభిప్రాయము. 1890ల నడుమ ఆ అక్కచెల్లెళ్ళు ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. సైకిలు వారు చందాలు వేసుకొని వారి జ్ఞాపక చిహ్నము ఉంచినది ఆ గుడిలోనే.

రిప్లేకు రెండు మైళ్ళలో ఆకమ్ అనే మరొక పల్లె ఉన్నది. అక్కడి హాట్‌బాయ్ అనే హోటలుకు 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ అనే ఆమె సైకిలు మీద ఒంటరిగా వచ్చి భోజనము అడిగింది. గొప్పింటి స్త్రీ, వయసులోనూ పెద్దది. కాని ఆమె గౌను వేసుకోలేదు. మోకాలి కింద బిగించిన వదులు లాగు, పైన కోటు ధరించింది. అప్పటి పొడుగు గౌను చైనులో పడితే ప్రాణాపాయము. ఆ దుస్తులతో మంచి భోజనశాలలోకి రానివ్వనని, కావాలంటే మగవారు త్రాగే గదిలో కూర్చోమని హోటలు యజమానురాలు చెప్పింది. ఆమె వెళ్ళిపోయింది. క్లబ్బువారు దావా వేశారు. 1899లో జ్యూరీ హోటలు యజమానురాలి పక్షమే తీర్పు చెప్పింది. భోజనము లేదనలేదు గదా, వేరే గది చూపింది గదా అన్నది వారి న్యాయము. మన సంఘాలలో ఆడపిల్ల చుడీదారు వేసుకొని ఆరాధనకు రావచ్చునా అని పెద్దలు గంటలకొలది వాదించుకొన్న రోజులు ఎరిగినవారికి ఆ జ్యూరీ మాట కొత్తగా వినబడదు.

మొదటి ప్రపంచ యుద్ధములో ఈ సైకిలు యువకులలో చాలమంది తిరిగి రాలేదు. ఇంగ్లాండుకు నడిబొడ్డు అని చెప్పుకొనే మెరిడెన్ గ్రామపు పచ్చిక బయలులో 1921లో వారికి ఒక రాతి స్తంభము ఎత్తారు. వేలాదిమంది సైకిళ్ళ మీదనే వచ్చారు. ప్రతి మే నెలలో అక్కడ జ్ఞాపకార్థ ఆరాధన జరుపుకొనే ఆచారము ఆనాటినుండి వచ్చినదే.

హోటలు ఖర్చు భరించలేనివారి సంగతి ఏమిటి? 1930లో ఇంగ్లాండు, వేల్సులలో యూత్ హాస్టళ్ళ సంఘము ఏర్పడింది. రాత్రికి ఒక్క షిల్లింగు. ఆడవారికి ఒక పడకటిల్లు, మగవారికి ఒక పడకటిల్లు. ఉదయము బయలుదేరే ముందు ఎవరికి ఒప్పగించిన పని వారు చేయాలి. ఒకరు ఊడ్వాలి, ఒకరు అంట్లు తోమాలి. నడిచిగాని సైకిలు మీదగాని రావాలి, కారులో వచ్చినవారికి దశాబ్దాలపాటు చోటు ఇవ్వలేదు. ఫ్యాక్టరీ పిల్లలు కొండలను, సరస్సులను కండ్లారా చూచినది ఈ హాస్టళ్ళ పుణ్యమే. 2023లో ఆ సంఘమే ఖర్చులు తాళలేక ఇరవై హాస్టళ్ళను అమ్మకానికి పెట్టింది. చవుక పడక ఒకటి మూతపడితే దాని నష్టము డబ్బున్నవానికి తెలియదు. వాడు మరొక చోట దిగుతాడు.

మూతపడినవాటిలోనుండి మేలు కలిగిన సందర్భము కూడ ఒకటి ఉన్నది. 1960లలో లాభము లేదని వేలాది మైళ్ళ రైలు మార్గాలను తీసివేశారు. 1977లో బ్రిస్టల్ పట్టణములో కొందరు పౌరులు చేరి, అటువంటి పాత రైలు కట్టను పారలతో చదును చేసి, బాత్ పట్టణము వరకు 13 మైళ్ళ సైకిలు బాటగా మార్చారు. 1986 నాటికి అది పూర్తయింది. సస్ట్రాన్స్ అనే పేరుతో పెరిగిన ఆ సంస్థకే 1995లో లాటరీ నిధులు లభించి దేశమంతటా సైకిలు బాటల అల్లిక మొదలైంది. రైలు నిటారుగా ఎక్కలేదు గనుక ఆ బాటలన్నీ సమముగా ఉంటాయి. అయిదేండ్ల పిల్లవాడు, డెబ్బై ఏండ్ల తాత పక్కపక్కనే తొక్కవచ్చు.

డొంక దారులలో అలా కుదరదు. అక్కడికి ఇప్పుడు పెద్ద పెద్ద కార్లు వస్తున్నాయి. 2022లో సవరించిన రోడ్డు నియమావళి ప్రకారము సైకిలును దాటేటప్పుడు కనీసము మీటరున్నర ఎడము ఇవ్వాలి. ఒక్క కారు పట్టే దారిలో మీటరున్నర ఎక్కడ ఉంటుంది? దారి వెడల్పయ్యే చోటు వచ్చేదాకా కారువాడు వెనుకనే ఓపికగా రావాలి. ఓపిక గలవారు ఉన్నారు, లేనివారూ ఉన్నారు. చిన్న పిల్లలు గల తల్లిదండ్రులు రైలు కట్టలను దాటి డొంకలలోకి రావడానికి జంకుతున్నారంటే తప్పు పట్టలేము.

పడమటి సముద్రములో వెనుక చక్రము తడిపి బయలుదేరి, నూట నలభై మైళ్ళు కొండలెక్కి దిగి, తూర్పు సముద్రములో ముందు చక్రము తడిపి ముగించే యాత్ర ఒకటి ఉత్తర ఇంగ్లాండులో ఉన్నది. 1994లో తెరచిన ఆ దారిలో హార్ట్‌సైడ్ అనే కనుమ సుమారు 580 మీటర్ల ఎత్తున ఉంటుంది. పైన ఒక కేఫు ఉండేది. ఎక్కుతున్నంతసేపు ఆ టీ మీదనే ప్రాణము. 2018 మార్చిలో అది కాలిపోయింది. తరువాత వచ్చినవారు తమ ఫ్లాస్కు తామే మోసుకొని ఎక్కవలసి వచ్చింది.

ఇటువంటి దారుల పక్కన అనేక పల్లె గుడులవారు పగలంతా తాళము వేయకుండ ఉంచుతున్నారు. లోపల ఒక బల్ల మీద నీళ్ళు కాచే కెటిలు, టీ పొట్లాలు, బిస్కట్ల డబ్బా, పక్కన చిల్లర వేయడానికి ఒక పెట్టె. చూచేవారు ఎవరూ ఉండరు. తోచినంత వేసి, కప్పు కడిగి పెట్టి పోవచ్చు. ఆరాధనలు ఆగిపోయిన పాత గుడులను 350కి పైగా కాపాడుతున్న ట్రస్టు ఒకటి ఉన్నది. వాటిలో కొన్నింటిని ఇప్పుడు సైకిలు వారికి, నడకవారికి రాత్రి బసకు ఇస్తున్నారు. బల్లల మధ్య మడత మంచాలు వేస్తారు, సైకిళ్ళు వసారాలో ఉంటాయి. రాతి గోడలకు వేడి అందదు గనుక మే నెలలో వచ్చినా స్వెట్టరు, మందపాటి మేజోళ్ళు తెచ్చుకోవడము మంచిది.