కెయిర్న్స్ విహారయాత్ర: టికెట్టు కంటే ముందు నెలను ఎంచుకోవాలి

సరిహద్దు పల్లెల నుండి చదువుకో, ఉద్యోగానికో ఆస్ట్రేలియా వెళ్ళి స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను ఒక్కసారైనా పిలిపించుకోవాలని ఆశపడటం సహజం. మెల్బోర్న్‌లోనో సిడ్నీలోనో మనవలతో కొన్ని వారాలు గడిచిన పిమ్మట, "ఇంత దూరం వచ్చి పగడాల సముద్రం చూడకుండానే వెళ్తారా నాన్నా?" అన్న మాట వస్తుంది. ఆ మాట వెంట వచ్చే ఊరి పేరు కెయిర్న్స్. అందుకు బిడ్డలు వెచ్చించే సొమ్ము చిన్నది కాదు. పెద్దల వయస్సులో అంతటి ప్రయాణం మరొకసారి వీలుపడుతుందన్న నమ్మకమూ లేదు. కనుక చౌకగా దొరికిన టికెట్టును బట్టి తేదీని నిర్ణయించుకోవడం కంటే, ఆ ఊరి ఋతువులను తెలుసుకొని తేదీని నిర్ణయించుకోవడం మేలు.

ఊరు, పరిసరాలు

కెయిర్న్స్ ఆస్ట్రేలియాకు ఈశాన్యాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉన్న రేవు పట్టణం. లోతట్టు ప్రాంతంలోని బంగారు గనులకు రేవుగా 1876లో వెలసింది. అంతకు ఎన్నో వేల సంవత్సరాల ముందు నుండి అది యిడింజీ తదితర ఆదివాసీ జాతుల నేల. పట్టణానికి తూర్పున సముద్రంలో గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరుస ఉన్నది. దాని పొడవు 2,300 కిలోమీటర్లు. 1981లో అది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పశ్చిమాన, ఉత్తరాన కొండలను కప్పుకొని వర్షారణ్యం ఉన్నది. అదీ 1988లో అదే జాబితాకు ఎక్కింది. పుష్పించే మొక్కలలో అతి ప్రాచీన వంశాలు కొన్ని ఈ అరణ్యంలో నేటికీ నిలిచి ఉన్నాయి. ఉత్తరాన కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర అరణ్యం ఇసుక తీరం దాకా దిగివస్తుంది, ఆ తీరానికి ఎదురుగా పగడపు దిబ్బలు ఉంటాయి. రెండు వారసత్వ సంపదలు ఇలా పక్కపక్కన నిలవడం ప్రపంచంలో అరుదు.

యానాంకు తలక్రిందుల ప్రతిబింబం

యానాం భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 17 డిగ్రీల వద్ద ఉన్నది. కెయిర్న్స్ దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉన్నది. ఎండ, ఉక్కపోత, మడ అడవులు, బురద తీరం, చెరకు తోటలు చూసినప్పుడు గోదావరి పాయల వెంట పెరిగిన వారికి ఆ ఊరు పరాయిదిగా తోచదు. అయితే ఋతువులు మాత్రం తిరగబడి ఉంటాయి. మనకు చలి పడే డిసెంబరు, జనవరి నెలలలో అక్కడ నడి వేసవి, భారీ వర్షాలు. మనకు వానలు పడే జూన్, జూలై, ఆగస్టు నెలలలో అక్కడ చల్లని పొడి వాతావరణం. జూలైలో పగటి వేడి సుమారు 26 డిగ్రీలు, రాత్రి సుమారు 17 డిగ్రీలు మాత్రమే. ఏడాదికి కురిసే దాదాపు 2,000 మిల్లీమీటర్ల వర్షంలో అధిక భాగం డిసెంబరు నుండి ఏప్రిల్ లోపుననే కురుస్తుంది.

ఏ పండుగకు ఏ కాలం

మన సెలవులను ఆ ఋతువులతో సరిపోల్చుకుంటే నిర్ణయం సులభమవుతుంది.

సంక్రాంతి సెలవులు అన్నిటికంటే ప్రతికూలమైనవి. నవంబరు నుండి ఏప్రిల్ వరకు అక్కడ తుపానుల కాలం. 2023 డిసెంబరు 13న జాస్పర్ తుపాను తీరం దాటింది. ఆ తరువాతి రోజులలో కొన్ని చోట్ల రెండు మీటర్లకు మించిన వర్షం కురిసింది. కెయిర్న్స్ విమానాశ్రయం నీట మునిగి మూతపడింది, ఉత్తరాన డెయిన్‌ట్రీ ప్రాంతానికి దారులు తెగిపోయాయి. ప్రతి ఏటా ఇంతటి విపత్తు రాదు. అయినా ఒక్కసారి చేసే యాత్రను ఆ నెలలలో పెట్టుకోవడం వివేకం కాదు.

మన వేసవి సెలవులలో ఏప్రిల్ నెల అక్కడి వర్షాల చివరి భాగం. మే నెలలో ఆకాశం తేటపడుతుంది, వానలకు నిండిన జలపాతాలు ఇంకా పారుతూనే ఉంటాయి. ఆషాఢ, శ్రావణ మాసాలు చల్లగా, నడకకు హాయిగా ఉంటాయి. కాని ఆ కాలంలో ఆగ్నేయపు గాలులు బలంగా వీచి సముద్రం అలజడిగా ఉండవచ్చు. పడవ ప్రయాణంలో కడుపు తిప్పే వారు ఈ విషయం గమనించాలి. దసరా సెలవులు, అనగా సెప్టెంబరు చివర, అక్టోబరు మొదలు, అన్ని విధాలా అనుకూలం. గాలులు తగ్గుతాయి, నీరు తేటగా ఉంటుంది, వర్షాలు ఇంకా మొదలుకావు. అక్కడి బడులకూ ఆ రోజులలో సెలవులు ఉంటాయి కనుక బస ధరలు పెరుగుతాయి. గదులు ముందుగా నిర్ణయించుకోవాలి.

అక్టోబరు, నవంబరు పౌర్ణమి దాటిన కొద్ది రాత్రులకు పగడపు జీవులు ఒక్కసారిగా అండాలను, బీజకణాలను నీటిలోకి విడుస్తాయి. కార్తీక దీపాలు వెలిగే రోజులలోనే, చాలా సంవత్సరాలలో, ఆ దక్షిణ సముద్రంలో ఈ వింత జరుగుతుంది.

సముద్రంలో దిగేముందు

కెయిర్న్స్ పట్టణపు ఒడ్డున ఈతకు పనికివచ్చే ఇసుక తీరం లేదు. ఆటు సమయంలో అక్కడ బురద మైదానం బయటపడుతుంది. ఆ లోటు తీర్చడానికి 2003లో ఎస్ప్లనేడ్ వెంట 4,800 చదరపు మీటర్ల ఉప్పునీటి కొలను నిర్మించారు. ప్రవేశం ఉచితం, కాపలాదారులు ఉంటారు. చిన్నపిల్లలకు అదే సురక్షితమైన చోటు.

తీరపు నీటిలో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది ఉప్పునీటి మొసలి. ఒడిశాలోని భితర్‌కనికలో ఉన్న జాతియే ఇది. నదీ ముఖాలలో, మడ అడవుల వాగులలో, ఒక్కొక్కసారి సముద్ర తీరంలోనూ తిరుగుతుంది. హెచ్చరిక పలక ఉన్న చోట కాళ్ళు కడుక్కోవడానికి కూడా నీటి అంచుకు వెళ్ళరాదు. మన నదీ తీరాలలో సహజమైన ఈ అలవాటే అక్కడ ప్రాణాంతకం కావచ్చు. రెండవది విషపు జెల్లీ చేప. సుమారుగా నవంబరు నుండి మే వరకు ఇది తీరానికి వస్తుంది. ఆ నెలలలో వల కట్టిన చోటనే, ఒళ్ళంతా కప్పే పలుచని దుస్తులు తొడుక్కొని దిగాలి. కుట్టిన చోట వెనిగర్ పోయాలి, రుద్దరాదు, వెంటనే 000 సంఖ్యకు ఫోను చేయాలి.

పగడాలను చూడటానికి ఈత రానవసరం లేదు. గ్రీన్ ఐలాండ్ అనే పగడపు దీవి తీరం నుండి 27 కిలోమీటర్లు. పడవలో సుమారు 45 నిమిషాల ప్రయాణం. అక్కడ అద్దపు అడుగు గల పడవలలో కూర్చొని పగడాలను, చేపలను చూడవచ్చు. వెలుపలి దిబ్బలకు గంటన్నర పడుతుంది, అక్కడి పగడం మరింత విస్తారం. ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకొని నీటిపై తేలుతూ చూడదలచిన పెద్దలు గుండె జబ్బు, ఉబ్బసం, మధుమేహం వంటివి ఉంటే పడవ సిబ్బందికి దాచక చెప్పాలి. తేలియాడే కవచం ఇస్తే మొహమాటపడక తొడుక్కోవాలి. ఈ నీటిలో ప్రాణాలు పోయిన సందర్భాలలో గుండె జబ్బు ఒక ముఖ్య కారణం.

చిత్రాలలోని రంగులే ప్రతి చోటా కనిపిస్తాయని ఆశించరాదు. పగడపు జీవి దేహంలో సూక్ష్మమైన పాచి నివసిస్తుంది. దానికి రంగు, ఆహారం ఇచ్చేది ఆ పాచియే. నీరు ఎక్కువ కాలం వేడెక్కితే పగడం ఆ పాచిని వెలివేసి తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే తేరుకుంటుంది, తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాలలో ఈ తెల్లబారడం విస్తృతంగా జరిగింది. నష్టం ఒక దిబ్బకు, మరొక దిబ్బకు తేడాగా ఉంటుంది. పగడం రాయి కాదు, ప్రాణి. దానిపై కాలు మోపరాదు, తుంచరాదు.

అరణ్య మార్గం

కురాండా కొండ ఊరికి వెళ్ళే రైలు మార్గం ఒక్కటే చూసినా యాత్ర సార్థకమవుతుంది. 1886లో పని మొదలై 1891లో కురాండా చేరిన ఆ మార్గంలో 15 సొరంగాలున్నాయి. శ్రామికులు గునపాలతో, పారలతో, పేలుడు మందుతో కొండను తొలిచారు. ఆ పనిలో పలువురు మరణించారు. రైలులో వెళ్ళి, 1995లో ప్రారంభమైన 7.5 కిలోమీటర్ల తీగమార్గంలో అడవి తలల మీదుగా దిగి రావడం వాడుక. మోకాళ్ళ నొప్పులు ఉన్న పెద్దలకు కూడా ఇది వీలైనది.

డెయిన్‌ట్రీ అరణ్యం ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. నదిని తీగ ఆధారంతో నడిచే బల్లకట్టుపై దాటాలి. 2021లో ఆ జాతీయ ఉద్యానవనపు యాజమాన్య హక్కును తూర్పు కుకు యలంజీ ఆదివాసులకు తిరిగి అప్పగించారు. దారిలో మనిషంత ఎత్తు గల కాసోవరీ పక్షి ఎదురైతే ఆహారం పెట్టరాదు, దగ్గరకు పోరాదు. హృదయాకారపు ఆకులు గల జింపీ మొక్కను తాకితే నొప్పి నెలల తరబడి వేధించవచ్చు. కాబట్టి నడకదారి వదలరాదు.

రోజుల క్రమం

ఐదు రోజులు చాలును. మొదటి రోజు విశ్రాంతి. రెండవ రోజు పగడపు దిబ్బలు. మూడవ రోజు ఖాళీగా ఉంచుకోవాలి. ముందురోజు గాలి వలన పడవ ఆగితే ఇది అక్కరకు వస్తుంది. నాల్గవ రోజు కురాండా, ఐదవ రోజు డెయిన్‌ట్రీ. సముద్రాన్ని ముందు పెట్టుకోవడానికి మరొక కారణం ఉన్నది. గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగిన వారు కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు గడిచే వరకు విమానం ఎక్కరాదు. ఎత్తైన కొండకు కూడా వెంటనే పోరాదు. రక్తంలో కరిగిన నత్రజని బుడగలుగా మారి ప్రాణం మీదికి వస్తుంది.

పెట్టెలో ఏమి ఉండాలి

ఆస్ట్రేలియాలో అడుగుపెట్టేటప్పుడు ఆహార పదార్థాలన్నిటినీ పత్రంలో ప్రకటించాలి. ఆవకాయ, పొడులు, నెయ్యి, పాలకోవా, కరివేపాకు, విత్తనాలు ఏవైనా దాచితే భారీ జరిమానా పడవచ్చు, వీసా కూడా రద్దు కావచ్చు. ప్రకటించిన వస్తువును అధికారులు తీసుకున్నా జరిమానా ఉండదు. మందులు వైద్యుని చీటీతో, అసలు పెట్టెలలోనే ఉంచాలి. మన దేశ సందర్శకులకు అక్కడి ప్రభుత్వ ఉచిత వైద్యం వర్తించదు. కనుక ప్రయాణ బీమా తప్పనిసరి ఖర్చుగా లెక్కించాలి. ఆ బీమా తుపాను వలన రద్దయిన ప్రయాణానికి, సముద్రపు ఈతకు వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే చదవాలి.

మంచి నెల, ఒక ఖాళీ రోజు, దాచని జబ్బు, ప్రకటించిన పచ్చడి సీసా. ఈ నాలుగూ సరిగా ఉంటే బిడ్డల సొమ్ము వృథా పోదు. పెద్దలు క్షేమంగా తిరిగివచ్చి, ఊరి అరుగు మీద పగడాల కథ చెప్పగలుగుతారు.